తీతువు కాపలా

మా అత్తయ్య ఢిల్లీ వచ్చి రెండు నెలలైనా ఈ ఊరిని పల్లెత్తు మాట అనలేదు. నీళ్లు బాగోలేవనలేదు, కూరగాయల బండివాడి హిందీ అర్థం కావడం లేదనలేదు, ఎండాకాలం మొదలవగానే కిటికీ సందుల్లోంచి వచ్చి పప్పు డబ్బాల మీద కూర్చునే దుమ్మును కూడా ఏమీ అనలేదు. మామయ్యగారి గుండెలో స్టెంట్లు వేయించడానికి కాకినాడ నుంచి వచ్చిన మనిషి ఆవిడ. ఆయన బతికి బయటపడ్డ ఊరికి వంకలు పెట్టడం ఆవిడకు ఇష్టం లేదు. అలాంటావిడ ఒక పొద్దున నాకోసం పెసరట్టు వేస్తూ, అట్లకాడ గాల్లోనే ఆపేసి పైకప్పు వైపు చూశారు.

నాకూ వినిపించింది. డాబా మీద ఏదో పిట్ట గొంతు చించుకుంటోంది, తెరిపి లేకుండా. మాది ఢిల్లీ ద్వారకలో నాలుగంతస్తుల బ్లాకు. లిఫ్టు లేదు. చిట్టచివరి ఇల్లు మాది కాబట్టి డాబా మీద ఏం జరిగినా మా నెత్తిన జరిగినట్టే.

"ఏదో పిట్టలెండి అత్తయ్యా" అన్నాను.

"తీతువే" అన్నారావిడ. అట్టు మాడిపోయింది.

తీతువు ఇంటి మీద అరిస్తే ఏమవుతుందో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు... ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చెయ్యరు. అత్తయ్య కూడా చెయ్యలేదు. హాల్లో ఖాళీగా ఉన్న మామయ్యగారి కుర్చీ వైపు చూశారంతే. ఆయన అప్పుడే టిఫిన్ తిని, డాక్టరు చెప్పిన ప్రకారం చదునైన నేల మీద నడవడానికి కింద పార్కుకు వెళ్లారు. పొద్దునోసారి, సాయంత్రం కాఫీ తాగాక ఇంకోసారి. మెట్లు ఆగి ఆగి ఎక్కమన్నారు డాక్టరు. మామయ్యగారు మాత్రం తిరిగొచ్చినప్పుడు ఆయాసమే ఉండేది కాదు. మూడంతస్తులు దిగి ఎక్కినా మనిషికి చెమట కూడా పట్టడం లేదని అత్తయ్య మురిసిపోయేవారు.

తీతువు అరిస్తే నిప్పుల్లో ఉప్పు వెయ్యాలట. మా ఇంట్లో నిప్పులెక్కడివి? ఆవిడ గ్యాసు పొయ్యి వెలిగించి గుప్పెడు కల్లుప్పు దాని మీదే పోశారు. పిట్ట అరుస్తూనే ఉంది. పొయ్యి మాత్రం ఆరిపోయింది. దాన్ని బాగుచేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం మా ఆయన ముందు పెట్టాం. ఆయన గురుగ్రామ్‌లో పనిచేస్తారు. పొద్దున క్యాబు ఎక్కితే చీకటి పడ్డాకే దిగడం. "అమ్మా, అది జస్ట్ ఒక బర్డ్" అన్నారు ఫోనులోంచి తల ఎత్తకుండా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు లీవులోనే ఉన్నావుగా, ఒకసారి పైకెళ్లి చూడు" అన్నారు. ఆ విధంగా ఒక పిట్టను వేటాడే బాధ్యత, మామయ్యగారి సేవకోసం సెలవు పెట్టిన కేంద్ర ప్రభుత్వోద్యోగినైన నా మీద పడింది. మా ఆఫీసులో పనులు కూడా ఇలాగే పడతాయి కాబట్టి నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు.

మర్నాడు డాబా ఎక్కాను. నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, డిష్షులు, ఎప్పుడో లీకులు బాగుచెయ్యడానికి తెచ్చి కాంట్రాక్టరు వదిలేసిన కంకర. కళ్ల ముందు ఎర్రటి తోలు, పొడవాటి పసుప్పచ్చ కాళ్లతో పిట్ట ఒకటి ఒక డిష్షు పక్కన పొదుగుతున్నట్టు ఒద్దికగా కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లాను. లేచిపోయింది. అక్కడ ఏమీ లేదు. ఇంకోచోట కూర్చుంది, అంతే ఒద్దికగా. వెళ్లి చూస్తే అక్కడా ఏమీ లేదు. మూడోసారి రెక్క ఒకటి నేల మీద ఈడ్చుకుంటూ కుంటడం మొదలుపెట్టింది. పాపం దెబ్బ తగిలిందనుకుని వెర్రిమొహం వేసుకుని దాని వెనకాలే డాబా ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచాను. పిట్టగోడ దాకా వచ్చాక అది శుభ్రంగా ఎగిరిపోయింది, ఏ దెబ్బా లేదు. వెనక్కి తిరిగి వస్తుంటే కాలి కింద పడబోయి తప్పాయి గుడ్లు. నాలుగు. కంకర రంగు, మీద నల్లటి మచ్చలు. గూడూ లేదు, గుడ్డపేలికా లేదు, కంకరలో కంకరలా ఉన్నాయి.

అప్పుడే పక్కింటి ఆంటీ బట్టలారెయ్యడానికి వచ్చింది. హర్యానా మనిషి. గుడ్లు చూసి చేతులు జోడించింది. "టిటహరీ హై, బేటా. బహుత్ శుభ్ హోతా హై. ఇత్‌నే ఊపర్ అండే దియే హై, ఇస్ బార్ బారిష్ జమ్‌కే హోగీ" అంది. తీతువు మంచి శకునమట, అది ఎంత ఎత్తులో గుడ్లు పెడితే ఆ ఏడు అంత వాన పడుతుందట. అంటే ఒకే పిట్ట, ఒకే అరుపు. కాకినాడలో అయితే చావు, ఇక్కడయితే వాన. ఈ సంగతి ఎంతో ఉత్సాహంగా కిందికి మోసుకొచ్చి అత్తయ్యకు చెప్పాను.

"వాళ్ల వానలు వాళ్లవి. అరుస్తోంది మనింటి మీద కదా" అన్నారావిడ. "ఆ గుడ్లు ఎక్కడికైనా మార్పించెయ్యి. నేను ముట్టుకోకూడదు, పాపం."

"నేను ముట్టుకుంటే పాపం కాదా అత్తయ్యా?"

"నీకు ఇంకా వయసుందమ్మా. కడుక్కోడానికి బోల్డంత టైముంది."

ఇంత జరుగుతున్నా మామయ్యగారు వెక్కిరించకపోవడం నాకు వింతగా అనిపించింది. ఆయన శకునాలన్నా జాతకాలన్నా మండిపడే రకం. రాహుకాలం అంటే ఆ రాహుకాలంలోనే బస్సెక్కి వెళ్లేవారట. పెళ్లైన దగ్గర్నుంచీ అత్తయ్య నమ్మకాల మీద జోకులు వెయ్యడం ఆయనకు కాలక్షేపం. అలాంటాయన పేపరు మడిచి పక్కన పెట్టి, చాలా గంభీరంగా, "మీ అత్తయ్య చెప్పింది నిజమేనమ్మాయ్. ఆ పిట్ట అక్కడుండడానికి వీల్లేదు. తీయించెయ్యాల్సిందే" అన్నారు.

అత్తయ్య వంటింట్లోకి వెళ్లిపోయారు. నేను వెనకే వెళ్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. "విన్నావా? ఆయనకే భయం పట్టుకుందంటే లోపల ఏదో తెలుస్తూనే ఉండుంటుంది. మనకి చెప్పట్లేదు" అన్నారు. ఏడుపు ఆపుకోవడానికి కరివేపాకు రెబ్బలు దుయ్యడం మొదలుపెట్టారు. అప్పటిదాకా నాకిదంతా తమాషాగా ఉండింది. ఆ కరివేపాకు చూశాక లేదు. ఆవిడకు నిజంగానే ఆయన పోతారని భయం, ఆ భయాన్ని రోజుకు రెండు పూటలా ఎవరో నెత్తి మీద కూర్చుని అరిచి మరీ గుర్తుచేస్తున్నారు.

అందుకే రెండోసారి వెళ్లాను, చేట, చీపురు పట్టుకుని. ఈసారి పిట్ట కుంటడాలూ నటనలూ పెట్టుకోలేదు. అదీ దాని జోడూ కలిసి చెరోవైపు నుంచీ నా తల మీదికి దూసుకొచ్చాయి. తగలవు, తగలబోతాయి. జుట్టు మీద గాలి తగిలేంత దగ్గరికొచ్చి పైకి లేచిపోతాయి. నేను చేట నెత్తిన పెట్టుకుని మెట్ల తలుపు దాకా పరిగెత్తాను. చీపురు అక్కడే పడిపోయింది. ఇప్పటికీ నా హోదాకు అదొక మచ్చ.

తలుపు సందులోంచి చూస్తూ ఉండిపోయాను, దిగబుద్ధి కాక. గద్ద ఒకటి రెక్క కదపకుండా పైన తిరుగుతోంది. నీడ డాబా మీద పడిందో లేదో, మగదో ఆడదో ఒకటి లేచి ఎదురెళ్లి దాని వెంట పడి సొసైటీ గేటు దాటేదాకా తరిమి వచ్చింది. అంత పెద్ద గద్ద, ఇదింత. గద్దది మొహమాటం లేని వేట, కాబట్టి దాన్ని తరమడమూ తేలికే. కాకులు అలాకాదు. రెండొచ్చాయి. ఒకటి పిట్ట ముందు వాలి, దగ్గరికొస్తూ దూరం జరుగుతూ విసిగించింది. ఓపిక నశించి పిట్ట దాని మీదికి లేచింది. అదే అదనుగా రెండో కాకి ట్యాంకు వెనకనుంచి నడుచుకుంటూ వచ్చి, ఏ హడావుడీ లేకుండా ఒక గుడ్డు ముక్కున పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను వచ్చిన పని కూడా అదేనన్న సంగతి ఆ కాసేపు నాకు గుర్తు లేదు.

కిందికి దిగి, "నావల్ల కాదత్తయ్యా, మీ అబ్బాయిని పంపించుకోండి" అని చెప్పేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు వంటింట్లోంచే దాని అరుపులు వింటూ ఒక సంగతి గమనించాను. గద్దకు అరిచే అరుపు పొట్టిది. కాకులకు ఇంకాస్త పొడుగు. కానీ టిఫిన్ అయ్యాక ఒకసారి, కాఫీ అయ్యాక ఒకసారి మాత్రం ఆగకుండా అరిచేది. ఆ రెండు వేళల్లో డాబా మీదికి ఏం వస్తోందో నాకు అర్థం కాలేదు. పిల్లి అనుకున్నాను.

చివరికి అత్తయ్యే తేల్చుకోవాలనుకున్నారు. ఆ శుక్రవారం మామయ్యగారు పార్కుకు వెళ్లగానే పళ్లెంలో పసుపు, కుంకుమ, గుప్పెడు బియ్యం పెట్టుకున్నారు. గుడ్లు ముట్టుకోరట. పిట్టకు దణ్ణం పెట్టుకుని, తల్లీ మాకీ కష్టం ఎందుకు తెస్తావు, వేరే చోటు చూసుకో అని అడుగుతారట. మేం మెట్లెక్కుతుంటేనే పైన అరుపు మొదలైంది. ఆవిడ మెట్టు మీదే ఆగిపోయారు. పట్టుకుని తీసుకెళ్లాను.

తలుపు తీస్తే పిట్టలు రెండూ మా వైపు చూడనే లేదు. చివరి ట్యాంకు వెనకాల ఏదో ఉంది, దాని మీద పడి అరుస్తున్నాయి, దూకుతున్నాయి, లేస్తున్నాయి. ట్యాంకు పక్కనుంచి సన్నగా పొగ వస్తోంది. మేం ఇటు నుంచి చుట్టూ తిరిగి వెళ్లాం. మామయ్యగారు పాత సిమెంటు బస్తా మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. వేళ్ల మధ్య బీడీ. నెత్తిన, పిట్ట పొడవకుండా, వారం రోజులుగా నేను ఇల్లంతా వెతుకుతున్న కూరగాయలు కడిగే చిల్లుల గిన్నె. చిల్లుల్లోంచి కూడా పొగ వస్తోందని నేను ఈనాటికీ వాదిస్తాను.

ఆయనకు చుట్ట అలవాటు. స్టెంట్లు వేశాక డాక్టరు, ఇంకొక్కటి కాల్చారంటే నా దగ్గరికి రావద్దు అన్నారు. మానేశానని అత్తయ్య తల మీద చెయ్యి వేసి చెప్పారు. ఒక రకంగా నిజమే. ఢిల్లీలో చుట్టలు దొరకవు కాబట్టి అవి మానేశారు. పార్కుకు అని చెప్పి కిందికి కాదు, పైకి వస్తున్నారు. అడ్డంగా దొరికిపోయిన మనిషి ఏదో ఒకటి అంటాడనుకున్నాం. ఆయన మమ్మల్ని చూశారు. పళ్లెం చూశారు. బీడీ కింద పడేసి, గుండె మీద చెయ్యి వేసుకుని, "కొంచెం... నొప్పిగా ఉంది" అన్నారు.

అత్తయ్య చేతిలో పళ్లెం పడిపోయింది. బీడీ లేదు, గిన్నె లేదు, అబద్ధం లేదు, ఆవిడకు ఇంకేమీ కనబడలేదు. మేమిద్దరం ఆయన్ని ఎలా దింపామో, ఆంటీ వాళ్లబ్బాయి కారు ఎలా తీశాడో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఎమర్జెన్సీ బయట అత్తయ్య చెప్పుల్లేకుండా, చేతికి పసుపుతో నిలబడి, నా చెయ్యి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకున్నారు. "అది చెప్పిందే. నేనే విన్లేదు" అని ఒక్కటే మాట పదే పదే అన్నారు.

ఈసీజీ మామూలుగా ఉంది. రక్తపరీక్ష మామూలుగా ఉంది. మళ్లీ తీశారు, మళ్లీ మామూలుగానే ఉంది. డ్యూటీ డాక్టరు కుర్రాడు మామయ్యగారి చొక్కా దగ్గర ముక్కు ఎగబీల్చి, మా వైపోసారి చూసి, "అంకుల్ ఠీక్ హై, లేజాయియే" అన్నాడు, బాగానే ఉన్నారు తీసుకెళ్లమని. మామయ్యగారు పరుపు అంచున కూర్చుని నా వైపు వంగి గొంతు తగ్గించి, "ఏం లేదమ్మాయ్. ఆ క్షణాన ఏం చెయ్యాలో తోచలేదు" అన్నారు. రెక్క ఈడ్చుకుంటూ కుంటిన పిట్ట నా కళ్ల ముందు మెదిలింది. దాని వెనకాల డాబా చివరిదాకా నడిచిన నేనూ మెదిలాను.

తెర అవతలున్న అత్తయ్య విన్నారు. ఆవిడ అరుస్తారనుకున్నాను. మామయ్యగారు కూడా అలాగే అనుకున్నట్టున్నారు, భుజాలు దగ్గరికి లాక్కుని సిద్ధంగా కూర్చున్నారు. ఆవిడ వచ్చి, చెదిరిన ఆయన గుండీలు పెట్టారు. పెట్టాక మెల్లగా అడిగారు.

"ఇంకోసారి మీకు నొప్పొస్తే అది నిజమో కాదో నేనెలా తెలుసుకోవాలండీ?"

ఇంటికి రాగానే మామయ్యగారు జేబులోంచి బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్లిపోయారు. బియ్యం డబ్బా వెనక ఇంకో కట్ట ఉందని రెండు రోజుల తర్వాత తెలిసింది. కుంటడం మానినా దాచుకోవడం వెంటనే మానలేరు కదా మనుషులు.

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను పిలిచి, గుడ్లు ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు వేశారు. పిట్ట అన్న మాట కూడా మానేశారు, "ఆ తల్లి" అనేవారు. డాబా మీద పళ్లెంలో నీళ్లు పెట్టించారు. ఆ మండుటెండలో పిట్టలు వచ్చి పొట్ట తడుపుకుని వెళ్లి గుడ్ల మీద కూర్చునేవి, చల్లదనానికి. కాకులొచ్చే వేళకు మెట్ల తలుపు దగ్గర ఆవిడే కర్ర పట్టుకుని కూర్చునేవారు. ఇహ మామయ్యగారి సంగతి చెప్పనక్కర్లేదు. పైనుంచి పొడుగు అరుపు వినిపిస్తే చాలు, "ఏవండీ" అని వంటింట్లోంచి కేక. ఒక్కోసారి అది అరిచేది కేబులు కుర్రాణ్ణి చూసి. ఆయన పాపం హాల్లోనే కూర్చుని పేపరు చదువుకుంటూ, "ఇక్కడే ఉన్నానే" అనేవారు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడకు కావలసిన కాపలా అది, జీతం లేకుండా దొరికింది.

మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. పుట్టిన మర్నాటికే కాళ్ల మీద నిలబడి పరుగులు. గద్ద నీడ పడితే ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి, మళ్లీ కంకరే. కానీ డాబా మీద తిండి లేదు. తల్లీ తండ్రీ కింద పార్కు గడ్డిలో దిగి పిలవడం మొదలుపెట్టాయి. పిల్లలు పిట్టగోడ కింద నీళ్లు పోయే కంత దగ్గరికి వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి నాలుగంతస్తుల మీంచి దూకేశాయి. అత్తయ్య కళ్లు మూసుకున్నారు. నేను చూశాను. దూది పింజల్లా తిరుగుతూ వెళ్లి గడ్డిలో పడ్డాయి. ఒకటి లేవలేదు. రెండు లేచి, దులుపుకుని, అరుపు వినిపించిన వైపు నడిచాయి.

మర్నాడు ఇంటి మీద సద్దు లేదు. టిఫిన్ అయ్యాక మామయ్యగారు చెప్పులేసుకుని, "పార్కుకెళ్లొస్తా" అన్నారు. అత్తయ్య "ఊఁ" అన్నారు. తలుపు మూసుకుంది. ఆవిడ పొయ్యి కట్టేసి పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. పైన ఏమీ లేదు. మెట్ల మీద అడుగులు పైకెళ్లాయో కిందికెళ్లాయో మాకిద్దరికీ తెలియలేదు.

"ఏమీ వినపడ్డం లేదే" అన్నారు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మొన్నటిదాకా అది అరిస్తే వణికిపోయిన మనిషి. "వెళ్లి చూడనా?" అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. పైకెళ్లి ఆయన్ని చూడడమూ ఇష్టం లేదు, చూడకుండా ఉండడమూ చేతకాదు.

అప్పుడు బాల్కనీ వైపు నుంచి వినిపించింది, కిందెక్కడో, దూరంగా. అదే గొంతు. అదే పొడుగు అరుపు. ఆవిడ నా చెయ్యి వదిలించుకుని పరిగెత్తారు. పార్కులో మామయ్యగారు కండువా తలచుట్టూ తిప్పుకుంటూ గడ్డి పక్కన బాట మీద గబగబా నడుస్తున్నారు. పిట్టలు రెండూ ఆయన నెత్తి మీదే ఉన్నాయి. పిల్లలు అక్కడెక్కడో గడ్డిలో బిగుసుకుని ఉంటాయి. ఆయన రెండో చేతిలో ఏమైనా ఉందా అన్నది మా అంతస్తు నుంచి కనబడదు. అత్తయ్య కళ్లజోడు కోసం లోపలికి వెళ్లబోయి ఆగిపోయారు.

పక్కింటి ఆంటీ తన బాల్కనీలోంచి తొంగిచూసి, ఇంత పొద్దున్నే ఏమిటా గోల అని హిందీలో అడిగింది. అత్తయ్యకు అర్థమైంది. రెయిలింగు పట్టుకుని, కింద నుంచి కళ్లు తిప్పకుండా, తెలుగులోనే జవాబు చెప్పారు.

"అరవనీ అమ్మా. మనిషున్నాడన్న మాటేగా."